డెల్ఫా కుట్టిన వరస

అందరూ ఎత్తారు కదా అని థోరా మ్యాడ్సన్ కూడా కుడిచెయ్యి పైకెత్తింది. ఎత్తాక గానీ గుర్తు రాలేదు, ఈ ఆదివారం చేతులెత్తేది తనను సాగనంపడానికేనని.

"ఇన్నేళ్ళుగా పెద్దల తరగతికి పాఠం చెప్పిన సిస్టర్ మ్యాడ్సన్‌ని ఆ బాధ్యత నుంచి విడుదల చేస్తున్నాం. ఆవిడ సేవకి కృతజ్ఞతలు తెలిపేవాళ్ళు చెయ్యెత్తి చూపించండి" అన్నాడు వేదిక మీంచి బిషప్ ఆల్రెడ్.

తన పేరు బుర్రకెక్కేలోపే చెయ్యి తన పని తాను చేసేసింది. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అంతే మరి. ఒకరినొకరు బ్రదర్, సిస్టర్ అని పిలుచుకునే ఆ సంఘంలో ఎవరికి ఏ పని ఒప్పజెప్పినా, ఎవరి దగ్గర్నుంచి ఏ పని తీసుకున్నా చెయ్యెత్తడమే. ముందు బెంచీలో స్టబ్స్ వాళ్ళ చిన్నపిల్ల వెనక్కి తిరిగి చూసి, "అమ్మా, ఆవిడకి ఆవిడే థాంక్స్ చెప్పుకుంటోంది" అంది. తల్లి పిల్ల తల రెండు చేతులా పట్టుకుని ముందుకు తిప్పింది. థోరా చెయ్యి దించి, ఎవరిదో చెయ్యి తెచ్చి తన ఒళ్ళో పెట్టినట్టు దాని వంక చూసుకుంది.

"ఆ స్థానంలో సిస్టర్ ఆర్విల్లా యోర్గెన్సన్‌ని నియమిస్తున్నాం. సమ్మతించేవాళ్ళు?" చేతులు లేచాయి. ఈసారి థోరా తెలిసే ఎత్తింది. "సమ్మతి లేనివాళ్ళు?" ఆ మాటకి ఎవరూ చెయ్యెత్తరు. ఎప్పుడో ముసలి హైరమ్ లార్సన్ ఒక్కడే ఎత్తాడు. అదీ కొత్త చొక్కా కాలరు మెడ కోస్తోందని గోక్కోడానికి. అప్పటి బిషప్‌కి గుండె ఆగినంత పనయిందని శాన్‌పీట్ లోయలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

థోరాకి ముందే చెప్పకపోలేదు. గురువారం పొద్దున బిషప్, అక్కడ బిషప్ పనికి జీతం ఉండదు కనక, తన బతుకుతెరువైన టర్కీ కోళ్ళ షెడ్డు నుంచి నేరుగా వచ్చి, బూట్లు గుమ్మం బయట విడిచి, సాక్సులతో సోఫా అంచున కూర్చున్నాడు.

"మీకు కాస్త విశ్రాంతి ఇద్దామని, సిస్టర్ మ్యాడ్సన్."

"నేను అలిసిపోయానని ఎవరన్నారు, రాండల్?"

బిషప్ అనకుండా పేరు పెట్టి పిలిచింది. చిన్నప్పుడు తన వంటింట్లో జామ్ రాసిన రొట్టెలు తిని పెరిగినవాడే కదా. అతను సాక్సు చిరుగులోంచి కనబడుతున్న బొటనవేలిని రెండో పాదంతో కప్పుకున్నాడు. "ఎవరూ అనలేదు" అన్నాడు. అప్పుడు కోపం రావలసింది పోయి, సూదీ దారం తెచ్చి ఆ చిరుగు కుట్టి పంపుదామా అనిపించింది థోరాకి.

జరిగింది ఇదీ. ఆ ముందు ఆదివారం పాఠం అబ్రహాము గురించి. బ్రిన్లీ అని, కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల, పసిగుడ్డుని ఒళ్ళో వేసుకుని వెనక వరసలో కూర్చుంది. బిడ్డకి ఎక్కిళ్ళు. తల్లి కళ్ళకింద నిద్రలేని నలుపు. పాఠం మధ్యలో చెయ్యెత్తి, "ఈ బొమ్మ గురించి ఒకటి అడగొచ్చా?" అంది.

బైబిలు కాక ఆ సంఘానికి విడిగా ఉన్న గ్రంథంలోని బొమ్మే. బల్ల మీద పడుకున్న మనిషి, పక్కన కత్తి పట్టుకుని నిలబడినవాడు. అబ్రహామును బలి ఇవ్వబోతున్నారని దాని కింద రాసి ఉంటుంది. ఈజిప్టు నుంచి వచ్చిన పాత కాగితాల చుట్టల్లోంచి ఆ సంఘాన్ని స్థాపించిన ప్రవక్త జోసెఫ్ అబ్రహాము మాటలే తర్జుమా చేశాడని అక్కడ పాలు తాగే పిల్లలకి కూడా చెబుతారు.

"ఆ భాష చదవగలిగినవాళ్ళు ఇది అబ్రహాము కాదంటున్నారు. ఎవరో చనిపోయినాయనకి చేసే కర్మ అంటున్నారు. నిజమేనా, సిస్టర్?"

గోల్డెన్ స్టబ్స్ అందుకున్నాడు. "ఈ చదువుకున్నవాళ్ళు గుర్రాల గురించీ ఇలాగే అన్నారమ్మా. ఆ కాలంలో ఈ ఖండంలో గుర్రాలే లేవు, మీ గ్రంథంలోకి ఎలా వచ్చాయని. రేపు ఎక్కడో తవ్వితే దొరకవని ఎవరు చెప్పొచ్చారు?"

"మీ తాత కాలం నుంచీ ఆ పొలం దున్నుతున్నారు కదా బావా, ఒక్క గుర్రం ఎముకైనా తగిలిందా?" అన్నాడు అతని చెల్లెలి మొగుడు.

"తగలకేం! మా తాత గుర్రానిది."

గది ఘొల్లుమంది. ఆ నవ్వు మీదుగా దాటేయొచ్చు. మంచి ప్రశ్న అడిగావమ్మా, ప్రార్థన చేసుకో, జవాబు నీ మనసుకే తెలుస్తుంది అని ఎన్నోసార్లు ఎంతోమందికి చెప్పిన మాట ఉండనే ఉంది. కానీ ఆ పిల్ల నవ్వలేదు. చూస్తూనే ఉంది.

"నిజమేనమ్మా" అంది థోరా. "ఆ కాగితాల ముక్కలు కొన్ని దొరికాయి. చదివారు. అబ్రహాము పేరు వాటిలో లేదు. ఎవరో పోయినాయన పక్కన పెట్టిన కాగితం. ఆ లోకంలో ఆయనకి మళ్ళీ ఊపిరాడాలని రాసి పెట్టారట. మన పెద్దలు కూడా ఒప్పుకున్న మాటే ఇది. దొరకని ముక్కల్లో అబ్రహాము ఉన్నాడంటారు కొందరు. కాగితంతో పనిలేదు, దేవుడే చెప్పాడంటారు ఇంకొందరు. అల్లిన కథ అనేవాళ్ళూ ఉన్నారు. ఏది నిజమో నాకు తెలీదు. చదవడం మాత్రం మానలేదు."

నాకు తెలీదు అన్న మాట ఆ గదిలో ఎవరూ పైకి అనేది కాదు. నెలకోసారి ఉపవాసం ఉండే ఆదివారం, ఎవరికి బుద్ధి పుడితే వాళ్ళు మైకు దగ్గరికి వెళ్ళి సాక్ష్యం చెబుతారు. ముసలీ ముతకా, పిల్లా జెల్లా, అందరిదీ ఒకటే మాట. ఈ గ్రంథం సత్యమని నాకు తెలుసు. నమ్ముతున్నాను అన్నా చిన్నచూపే. తెలుసు అనాలి. లోరిన్ బతికుండగా ఈ కాగితాల సంగతి మొగుడూ పెళ్ళాలిద్దరే మాట్లాడుకునేవాళ్ళు. అదీ కారులో, అద్దాలు ఎక్కించుకుని.

ముందు వరసలో కూర్చున్న ఆర్విల్లా గ్రంథం మూసి, తోలు సంచీలో పెట్టి, జిప్పు లాగింది. ఆ జిప్పు చప్పుడొక్కటే వినబడింది.

*

విడుదల అయిన మర్నాడు ఇద్దరు ఆడవాళ్ళు అరటిపండు రొట్టె పట్టుకొచ్చారు. ఒంట్లో బాగాలేనివాళ్ళకి, ఇంట్లో మనిషి పోయినవాళ్ళకి తెచ్చే రొట్టె అది. మంచు సంగతి మాట్లాడారు. కొండమీద ఈ ఏడు మంచు బాగా పడింది, కాలవల్లో నీళ్ళకి లోటుండదన్నారు. థోరా కర్టెన్లు బాగున్నాయన్నారు. అవి వాళ్ళలో ఒకావిడ పోయినేడు దగ్గరుండి కుట్టించినవే. తరగతి మాట గానీ, బొమ్మ మాట గానీ పొరపాటున కూడా రాలేదు.

"నేను జబ్బుపడలేదు" అని థోరా నవ్వుతూ అంది.

"అయ్యో, అలా ఎవరన్నారు?" అంటూ ఇద్దరూ ఒక్కసారే లేచి నిలబడ్డారు.

వాళ్ళ కారు మలుపు తిరిగాక థోరా సింకు దగ్గర నిలబడి రొట్టె తుంచుకు తింది. బాగుంది. కోపం వచ్చేంత బాగుంది. వెన్న రాయడానికి చాకు తీస్తూ, "కూర్చుని తినొచ్చు కదా" అంది పైకే. లోరిన్ అనవలసిన మాట అది. ఆ ఇంట్లో రెండో గొంతు లేక, అతని మాటలు కూడా ఆమే అనుకోవలసి వస్తోంది.

పాఠాల కోసం పేర్చుకున్న పుస్తకాలు భోజనాల బల్ల మీదే ఉన్నాయి. వాటిని తీస్తే బల్ల ఖాళీ అవుతుంది. ఖాళీ అయితే నలుగురు కూర్చునే బల్ల అని కనబడుతుంది. తియ్యలేదు.

*

మంగళవారం బొంత పని. ప్రార్థన మందిరం వెనక హాల్లో, కుర్రాళ్ళు బాస్కెట్‌బాల్ ఆడుకునే ఇనప చట్రం కింద, బొంత చట్రం బిగించారు. పసుపు పచ్చ గుడ్డ, లోపల దూది పొర, కింద తెల్ల గుడ్డ. బ్రిన్లీ బిడ్డకి. వచ్చే ఉపవాసపు ఆదివారం ఆ బిడ్డకి పేరు పెట్టి దీవెన ఇస్తారు. ఆ సంఘంలో ఏ బిడ్డ దీవెనకైనా బొంత ఉండి తీరాలి.

థోరా లోపలికి రాగానే మాటలు ఒక్క క్షణం తెగి, మళ్ళీ అతుక్కున్నాయి. తన కుర్చీ తన చోటే ఉంది. ఎదురుగా ఆర్విల్లా. పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ ఈ చట్రానికి అటొకరు ఇటొకరు. ఒకరు కిందనుంచి సూది తోస్తే రెండోవాళ్ళ వేలికి ఎక్కడ తగులుతుందో చూడకుండా చెప్పగలరు. ఇవాళ ఆర్విల్లా తలెత్తలేదు.

మూల కుర్చీలో డెల్ఫా. అందరిలోకీ పెద్దది. కళ్ళల్లో పొర కమ్మింది. సూదిలో దారం ఎవరైనా ఎక్కించి ఇవ్వాలి. సుద్దగీత కనబడదు కనక ఆవిడ వరస ఒకచోట పైకీ, ఒకచోట కిందికీ, మంచులో కుందేలు అడుగుల్లా పోతుంది. ఆవిడ ఇంటికి వెళ్ళాక థోరా, ఆర్విల్లా ఉండిపోయి, ఆ కుట్లు విప్పి, గీత మీదుగా మళ్ళీ కుడతారు. ఎన్నో ఏళ్ళుగా అంతే. ముసలావిడ మనసు నొప్పించకూడదు, బొంతా చెడకూడదు.

"ఇవాళ ఎవరూ మాట్లాడరేం? పేరంటానికి వచ్చారా, పరామర్శకి వచ్చారా?" అంది డెల్ఫా.

"మీరే చెప్పండి కబుర్లు" అంది ఎవరో.

"నా కబుర్లలో మనుషులంతా పోయారే అమ్మా. మీ కబుర్లయితే ఇంకా బతికున్నవాళ్ళవి."

కొందరు నవ్వారు. థోరాని మాత్రం దారం అందించమని అడిగినవాళ్ళు లేరు, వేలికి తొడుక్కునే తొడుగు అడిగినవాళ్ళు లేరు. అడిగితే థాంక్స్ చెప్పాలి, చెబితే కళ్ళల్లోకి చూడాలి. మధ్యాహ్నానికి అందరూ కోట్లు తొడుక్కుని వెళ్ళిపోయారు. డెల్ఫాని ఇంటి దగ్గర దింపడం థోరా వంతు.

కారులో డెల్ఫా చేతులు హీటరు ముందు పెట్టుకుని కూర్చుంది. రోడ్డుకి రెండు పక్కలా మంచు, దూరంగా టర్కీ షెడ్ల పొడుగాటి కప్పులు.

"ఇప్పుడు నీకు తెలిసింది కదే, ఎలా ఉంటుందో" అంది డెల్ఫా ఉన్నట్టుండి.

"ఏం తెలిసింది?"

"విప్పేస్తే ఎలా ఉంటుందో. ఆదివారం నీ కుట్లు విప్పారు. ఎంత మర్యాదగా విప్పారూ, అందరి చేతా చేతులెత్తించి మరీ! నావి మీరిద్దరూ విప్పుతారుగా. మర్యాదగానే."

థోరా చేతుల్లో స్టీరింగు కాస్త పక్కకి పోయింది.

"రోడ్డు చూడు. మనిద్దరిలో చూపున్నదానివి నువ్వే."

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"చూపు పోయింది గానీ వేళ్ళు పోయాయా? బొంత మడత పెట్టేటప్పుడు నా మూల తడిమి చూస్తా. ఇంత తిన్నగా ఉంటే అవి నావి ఎలా అవుతాయే?"

"చెప్పొచ్చు కదా డెల్ఫా."

"చెబితే మీరు మానేస్తారు. అప్పుడు నా వంకర కుట్లు చూసి అందరూ జాలిపడతారు. ఏ జాలైతేనేం."

"మరి తెలిసీ ఎందుకొస్తావు?"

డెల్ఫా ఆలోచించింది. "మంగళవారం కదా" అంది.

ఇంటిముందు దింపి, చెయ్యి పట్టి మెట్లెక్కించింది థోరా. తలుపు దగ్గర ముసలావిడ తాళంచెవి కోసం సంచీ అంతా కెలికింది. థోరా తొందరపెట్టలేదు. తాళంచెవి చేతికి దొరికాక, "ఆదివారం నా పక్కన కూర్చో. స్టబ్స్ వాళ్ళ పిల్లలు నా కాళ్ళు తొక్కుతున్నారు" అని డెల్ఫా లోపలికి వెళ్ళిపోయింది.

*

తిరిగి వచ్చేసరికి హాల్లో ఆర్విల్లా ఒక్కర్తే ఉంది. డెల్ఫా మూల దగ్గర కూర్చుని, కుట్లు విప్పే చిన్న కొక్కెం తీసి, కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుంది. రెండో మూడో కుట్లు అప్పటికే విప్పింది.

"అది వదిలెయ్" అంది థోరా.

"ఏం?"

"వదిలెయ్యమన్నా కదా."

ఆర్విల్లా కొక్కెం పట్టుకునే చూసింది. థోరా కోటు విప్పకుండానే కుర్చీ లాక్కుని, సూదిలో దారం ఎక్కించి, ముందుగా ఆ విప్పిన కుట్లని డెల్ఫా ఎలా వేసిందో అలాగే, పాత రంధ్రాల్లోంచే మళ్ళీ వేసింది. తరవాత సుద్దగీత వదిలేసి, డెల్ఫా వరస పక్కనే, అది పైకి పోయిన చోట పైకీ, కిందికి దిగిన చోట కిందికీ, రెండో వరస మొదలుపెట్టింది.

"మతి పోయిందా నీకు? నువ్వు అలా కుడితే మిగతావన్నీ దాని వెంటే పోవాలి. బొంతంతా వంకరే."

"వంకరే."

"అందరిముందూ ఆ బిడ్డకి కప్పుతారే ఆదివారం!"

"వెచ్చగానే ఉంటుంది."

ఆర్విల్లా లేచి వంటగదిలోకి వెళ్ళింది. కోకో కప్పులు కడుగుతున్న చప్పుడు. కడిగినవే మళ్ళీ కడుగుతున్నట్టుంది, నీళ్ళు ఎంతకీ ఆగలేదు. థోరా కుట్టుకుంటూ పోయింది.

నీళ్ళు ఆగాయి. ఆర్విల్లా తడి చేతులతో గుమ్మంలో నిలబడింది.

"బిషప్ దగ్గరికి వెళ్ళింది నేనే" అంది.

"అనుకున్నా."

"చాటుగా ఏం వెళ్ళలేదు. పట్టపగలే వెళ్ళాను. నీకు చెప్పి వెళ్దామనుకున్నా గానీ..." చేతుల తడి విదిలించింది. "నువ్వు చెప్పింది తప్పని వెళ్ళాననుకుంటున్నావు కదూ?"

థోరా సూది ఆపింది.

"మా ఐలీన్‌ని పాతిపెట్టిన రోజు నువ్వు నా పక్కనే ఉన్నావు. తరవాత గుడికి వెళ్ళినప్పుడు నాకు తెల్ల బట్టలు తొడిగింది నువ్వే. అక్కడ నన్నూ పిల్లనీ చావు కూడా విడదీయకుండా ఎప్పటికీ కలిపి కట్టారు కదా. మాటిచ్చారు కదా. ఆ మాట ఎవరు తెచ్చారు? ఆ ప్రవక్తే కదా! ఆ కాగితాన్ని తప్పు చదివినాయన, ఈ మాట ఒక్కటీ ఒప్పుగా తెచ్చాడని ఏమిటి నమ్మకం? ఆ బొమ్మ అబద్ధమైతే, మరి నా పిల్ల ఎక్కడుందే? చెప్పు. పాఠాలు చెబుతావుగా, చెప్పు."

ఎన్నడూ గొంతు పెంచని మనిషి. ఆ పెద్ద హాల్లో ఆ గొంతు ఇనప చట్రానికి తగిలి తిరిగొచ్చింది. నడక వచ్చిన ఏడాదే ఐలీన్ కాలవలో పడి చనిపోయింది. ఆ పేరు ఆర్విల్లా నోటివెంట విని ఎన్నేళ్ళయిందో థోరాకి గుర్తు రాలేదు. జబ్బు చేసినట్టు తనకి రొట్టె తెచ్చినవాళ్ళ మీద, చేతులెత్తినవాళ్ళ మీద పెంచుకుంటూ వచ్చిన కోపం ఒకటి ఉంది. ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా పోయింది అది.

"నాకు తెలీదు, ఆర్విల్లా" అంది.

"ఆ ఒక్క మాటే వచ్చు నీకు."

"ఆ కాగితం కూడా ఎవరో తమవాళ్ళు పోతే పక్కన పెట్టిందే. ఊపిరాడాలని."

ఆర్విల్లా గౌనుకి చేతులు తుడుచుకుని వచ్చి, బొంత మీదికి వంగి, ఆ వంకర వరసలు రెంటినీ వేలితో తడిమింది. కొక్కెం తీసి జేబులో వేసుకుంది. కోటు తొడుక్కుంది. "హీటరు ఆపేసి వెళ్ళు" అని వెళ్ళిపోయింది.

థోరా చీకటి పడేలోపు ఇంకో రెండు వరసలు కుట్టింది. మర్నాడు వచ్చి మరికొన్ని. గురువారం వచ్చేసరికి, తను ఆపిన చోటు నుంచి వరసలు ముందుకి పోయి ఉన్నాయి. చిన్న కుట్లు, దగ్గర దగ్గరగా. ఆ లోయలో అలా కుట్టేది ఒక్క మనిషే. పైకి పోయిన చోట పైకీ, కిందికి దిగిన చోట కిందికీ.

*

ఉపవాసపు ఆదివారం. పొద్దున్నుంచి ఎవరి కడుపులోనూ ఏమీ లేదు, పిల్లలు నీరసంగా బెంచీల మీద వాలి ఉన్నారు. థోరా డెల్ఫా పక్కన కూర్చుంది. ఆర్విల్లా ఎప్పుడూ ముందు వరసలో కూర్చునేది, ఇవాళ వెనక్కి వచ్చి, థోరాకి అవతలి పక్క, మధ్యలో సంచీ పెట్టుకుని కూర్చుంది. ఇటు చూడలేదు.

బ్రిన్లీ మొగుడూ, బిషప్పూ, ఇంకో నలుగురు మగవాళ్ళూ గుండ్రంగా నిలబడి, ఎడమచెయ్యి పక్కవాడి భుజం మీద వేసి, కుడిచెయ్యి మధ్యలో బిడ్డ కింద పెట్టారు. పసుపుపచ్చ బొంత అంచు వాళ్ళ చేతుల మధ్యనుంచి వేలాడుతోంది.

"ఎలా ఉందే?" అంది డెల్ఫా గుసగుసగా.

"వంకరగా ఉంది."

"ఎంత?"

"అంతా."

డెల్ఫా కాసేపటికి థోరా మోచెయ్యి పట్టుకుంది. మరి వదల్లేదు.

దీవెన అయింది. సాక్ష్యాలు మొదలుపెట్టమని బిషప్ కూర్చున్నాడు. ప్రతి నెలా ముందు లేచేది ఆర్విల్లానే. వేదిక మెట్లు ఎక్కి, మైకు కిందికి వంచి, గ్రంథం సత్యమని నాకు తెలుసు అని ఆవిడ అంటే గానీ మిగతావాళ్ళకి కాలు కదలదు. అందరూ ఆవిడ కోసం చూశారు. ఆర్విల్లా ముందు బెంచీ అంచు పట్టుకుంది. సగం లేచింది. కూర్చుంది.

మైకు గుర్రుమంటోంది. ఎక్కడో బిడ్డ ఎక్కిళ్ళు. బిషప్ వేదిక మీంచి ఆర్విల్లా వంక, తరవాత థోరా వంక చూశాడు.

థోరాకి గెలిచినట్టు అనిపించలేదు. ఇన్నేళ్ళూ తను 'తెలుసు' అనలేక తల వంచుకుని కూర్చున్న ఆదివారాలన్నీ, ఎదుట ఆర్విల్లా గట్టిగా అంటూ ఉంటే ఆ మాట నీడన కూర్చున్నట్టుండేది. ఇవాళ ఆ నీడ లేదు. ఆర్విల్లా ఇంకా ముందు బెంచీ అంచు పట్టుకునే ఉంది.

థోరా మధ్యలో సంచీ తీసి కింద పెట్టింది.

"వెళ్ళవే" అంది.

"ఏం చెప్పను?"

"ఏది వస్తే అది. ఊరికే నిలబడినా సరే. వెళ్ళు."

ఆర్విల్లా లేచింది. మోకాళ్ళు తగులుతున్నా పట్టించుకోకుండా వరస దాటింది. మెట్లెక్కి, మైకు కిందికి వంచింది. అందరూ ఆ ఒక్క మాట కోసం ఎదురు చూస్తున్నారు.

"నాకో కూతురుండేది" అంది ఆర్విల్లా. "ఐలీన్ దాని పేరు."

థోరా తల దించుకుంది. పక్కన ఖాళీ అయిన చోట చెయ్యి పెట్టింది. చెక్క ఇంకా వెచ్చగానే ఉంది.